తేనెటీగల సభ

వేదాంత వాఙ్మయమున తేనెటీగకు గల స్థానము సామాన్యమైనది కాదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు తన కుమారుడగు శ్వేతకేతువునకు ఆత్మతత్త్వమును బోధించుచు తేనెటీగలను దృష్టాంతముగా గ్రహించెను. అవి నానా వృక్షముల రసములను తెచ్చి ఒకే తేనెగా చేయును. ఆ తేనెలో కలిసిన పిదప ఏ రసమును తాను ఫలానా చెట్టుదానినని ఎరుగజాలదు. శ్రీమద్భాగవతమున అవధూత యదుమహారాజునకు తన ఇరువదినలుగురు గురువులను పేర్కొనుచు తేనెటీగను కూడ అందు చేర్చెను. చిన్న పూవు, పెద్ద పూవు అను భేదము లేక సారమును మాత్రమే గ్రహించుట దానివలన నేర్వవలసిన గుణము. కూడబెట్టి పరులపాలు చేసికొనుట దానిని చూచి విడువవలసిన దోషము. ప్రశ్నోపనిషత్తు ముఖ్యప్రాణమును తేనెటీగల రాజుతో పోల్చినది. ఆ రాజు లేచినచో ఈగలన్నియు లేచును. అది నిలిచినచో అన్నియు నిలుచును.

మన ఋషులు తేనెటీగను ఇంత శ్రద్ధతో చూచిరి. అదే ఈగను గత శతాబ్దమున కొందరు ప్రకృతిశాస్త్రజ్ఞులు మరియొక విధమగు శ్రద్ధతో, ఏండ్ల తరబడి, గడియారమును కొలబద్దను చేతబట్టి పరిశీలించిరి. వారికి తెలియవచ్చిన విషయములలో ఒకటి సాధకలోకమునకు మిక్కిలి పనికివచ్చునది. సత్యమును వెదకువారు అనేకులున్నప్పుడు, ఒక్కొక్కరికి ఒక్కొక్క త్రోవ మేలైనదిగా తోచినప్పుడు, వారు కలహింపక ఒక నిర్ణయమునకు ఎట్లు రాగలరు? ఈ ప్రశ్న మఠములను, కుటుంబములను, గ్రామములను, దేశములను బాధించుచునే యున్నది. ఇల్లు విడిచి చెట్టుకొమ్మకు వ్రేలాడు తేనెటీగల దండు ప్రతి వసంతకాలమునను దీనికి తనదైన సమాధానమును చెప్పుచున్నది.

మొదట ఆ దండు ఎట్లు ఏర్పడునో తెలిసికొనవలెను. తేనెపట్టు నిండి, ఈగల సంఖ్య పెరిగినప్పుడు కూలి ఈగలు క్రొత్త రాణులను పెంచ నారంభించును. అవి గూటినుండి వెలువడుటకు ముందే పాత రాణి తన పరివారములో అధికభాగమును వెంటగొని బయలుదేరును. మైనముతో కట్టిన గదులు, నింపిన తేనె, పెరుగుచున్న పిల్లలు, అన్నియు కూతురి వశమగును. వెడలు ఈగలు కడుపులో మోయగలిగినంత తేనెను మాత్రమే తీసికొనిపోవును. సంపాదించినదానిని తరువాతి తరమునకు విడిచి పెద్దవారు బయలుదేరుట మన ఆశ్రమధర్మమును స్మరింపజేయక మానదు. ఇట్లు బయలుదేరిన సుమారు పదివేల ఈగలు సమీపమున ఒక కొమ్మను ఆశ్రయించి గడ్డమువలె వ్రేలాడును. వానకు, చలికి, శత్రువులకు లోబడి యున్న ఆ స్థితిలో వానికి కావలసినది ఒక్కటే: తగిన తొర్ర. తొర్ర చిన్నదైనచో చలికాలమునకు చాలినంత తేనె పట్టదు; ద్వారము పెద్దదైనచో శత్రువులు చొరబడును. ఎన్నిక తప్పినచో చలిదేశములలో ఆ సమూహమే నశించును. కావున ఇది వానికి జీవన్మరణ సమస్య.

ఈ సమస్యను రాణి పరిష్కరింపదు. ఇది శాస్త్రజ్ఞులను సైతము మొదట ఆశ్చర్యపరచిన సంగతి. రాణి ఆజ్ఞాపింపదు, తొర్రలను చూడబోదు, అభిప్రాయము చెప్పదు. గుడ్లు పెట్టి సమూహమునకు ప్రాణమై యుండుటయే దాని పని. అయినను రాణి లేనిదే దండు ముందునకు సాగదు. త్రోవలో రాణి జారిపోయినచో ఈగలు వెనుకకు మరలి దానిని వెదకికొనును. ఆజ్ఞాపింపకయే అన్నిటిని కూర్చి నిలుపు కేంద్రమది. ప్రశ్నోపనిషత్తు దానిని ప్రాణముతో పోల్చుటలోని ఔచిత్యము ఈ విధముగా మరింత స్పష్టమగుచున్నది.

ఇల్లు వెదకు భారము కొన్ని వందల ఈగలపై పడును. వేగువారివలె నలుదిక్కులకు పోయి చూచి వచ్చునవి గనుక వీనిని వేగుటీగలనవచ్చును. ఇవి పిన్నవయస్సువి కావు. అంతకుముందు పూలకొరకు చాల దూరము తిరిగి, పరిసరములను ఎరిగిన అనుభవశాలులు. ఒక వేగుటీగ ఏదైన తొర్రను కనుగొన్నచో దాని లోపల అటునిటు నడచి, ఎగిరి, వెలుపల చుట్టుదిరిగి, తీరికగా పరీక్షించును. పిదప దండునొద్దకు మరలి వచ్చి, తోడి ఈగల వీపులమీదనే నాట్యము చేయును.

ఆ నాట్యపు అర్థమును లోకమునకు వెల్లడించినవాడు ఆస్ట్రియా దేశీయుడగు కార్ల్ ఫాన్ ఫ్రిష్. ఆయన 1886లో వియన్నా నగరమున జన్మించి, మ్యూనిక్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడై, 1973లో కోన్రాడ్ లోరెంజ్, నికో టిన్‌బర్గెన్ అను ఇరువురితో కలిసి నోబెల్ బహుమానమును పొందెను. ఈగ తోకభాగమును ఆడించుచు కొంతదూరము తిన్నగా నడచి, అర్ధవృత్తముగా తిరిగి వచ్చి, మరల తిన్నగా నడచును. నిలువుగా పైకి నడచినచో సూర్యునివైపు పోవలెనని భావము. నిలువుగీతకు ఎంత కోణముతో ప్రక్కకు నడచినచో సూర్యునకు అంత ప్రక్కగా పోవలెనని భావము. నడక ఎంతసేపు సాగినచో గమ్యము అంత దూరము. స్థూలముగా ఒక్కొక్క సెకనుకు ఒక్కొక్క కిలోమీటరు. చీకటి నిండిన పట్టులో సైతము ఈగ సూర్యుని ఆధారముగా గొని దిక్కు చెప్పగలుగుట సృష్టిలోని అద్భుతములలో ఒకటి. మన చెట్ల తొర్రలలోను పుట్టలలోను పట్టు పెట్టు దేశవాళీ తేనెటీగకును ఈ నాట్యము కలదు.

ఫ్రిష్ జీవితములో సాధకులు గమనింపదగిన సంగతి మరియొకటి కలదు. 1920ల దశకములో ఆయన ఈగల నాట్యములు రెండు విధములని గుర్తించి, గుండ్రని నాట్యము మకరందమును, తోక నాట్యము పుప్పొడిని సూచించునని ప్రకటించెను. సుమారు ఇరువది సంవత్సరములు లోకమదే నమ్మినది. 1944 వేసవిలో ఆయన ఆహారమును దూరదూరముగా ఉంచి చూడగా, ఆ భేదమునకు కారణము ఆహారజాతి కాదనియు, దూరమనియు తేలినది. దగ్గర ఆహారమునకు గుండ్రని నాట్యము, దూరపు ఆహారమునకు తోక నాట్యము. అప్పటికే ఆయన ప్రసిద్ధుడు, వయస్సు మళ్ళినవాడు. తన పేరు దేనివలన వ్యాపించినదో ఆ సిద్ధాంతమునే తాను స్వయముగా త్రోసిపుచ్చి, చూచినదానిని చూచినట్లు ప్రకటించెను. సత్యముపై గల ప్రేమ, తన మాటపై గల ప్రేమకంటె బలవత్తరమైన చోటనే ఇది సాధ్యమగును.

ఆయన శిష్యుడు మార్టిన్ లిండావర్. రెండవ ప్రపంచ యుద్ధమున జర్మను సైన్యములో చేరి, 1942లో రష్యాలో తీవ్రముగా గాయపడి మరలివచ్చిన యువకుడు. వైద్యుని సలహాపై ఫ్రిష్ ఉపన్యాసము నొకదానిని వినబోయి, ఆనాటినుండి ఈ విద్యకు అంకితుడయ్యెను. 1949 వసంతమున విశ్వవిద్యాలయ సమీపమున ఒక పొదకు వ్రేలాడు దండును ఆయన చూచెను. దానిపై నాట్యమాడు ఈగలకు పుప్పొడి లేదు. కొన్నిటికి మసి, కొన్నిటికి ఇటుకపొడి అంటియున్నవి. మ్యూనిక్ అప్పటికి బాంబుల దెబ్బతిన్న నగరము. శిథిలములు ఇంకను తొలగలేదు. ఈ ఈగలు పూలనుండి వచ్చినవి కావనియు, పొగగొట్టములను, గోడల బీటలను చూచి వచ్చినవనియు, ఇల్లు వెదకుచున్నవనియు ఆయన ఊహించెను. తరువాతి వేసవులలో దండుల క్రింద గంటలకొలది నిలిచి, నాట్యమాడు ఈగలకు రంగుచుక్కలు పెట్టి, ఏది ఏ దిక్కును చెప్పుచున్నదో వ్రాసికొనెను. మొదట పది ఇరువది చోట్లను గూర్చి నాట్యములు సాగును. క్రమముగా కొన్ని ఆగిపోవును. తుదకు దాదాపు అన్నియు ఒక్క దిక్కునే చెప్పును. అప్పుడు దండు లేచి, ఆ దిక్కునకే పోవును.

ఇది ఎట్లు జరుగుచున్నది? అమెరికా దేశీయుడగు థామస్ సీలీ తన సహకారులతో అనేక సంవత్సరములు శ్రమించి దీనిని మరింత లోతుగా పరిశీలించెను. మెయిన్ తీరమునకు సమీపమున ఆపిల్‌డోర్ అను ద్వీపము కలదు. అందు పెద్దచెట్లు లేకపోవుటచే ఈగలకు సహజమగు తొర్రలు దొరకవు. అక్కడ ఆయన దండులను దింపి, నాలుగు చిన్నపెట్టెలను, ఈగలకు మిక్కిలి నచ్చు 40 లీటర్ల పెట్టె నొకదానిని అమర్చెను. అయిదు పర్యాయములలో నాలుగింట దండు ఆ మేలైన పెట్టెనే చేరినది. మేలైనదానిని కనుగొన్న ఈగ మొదటిది కాకపోయినను, ఒంటరిదైనను, తుదకు దాని మాటయే నెగ్గినది. దీనికి మూలమగు నియమములు మూడని చెప్పవచ్చును.

మొదటి నియమము: యథార్థము చెప్పుట. తొర్ర మిక్కిలి బాగున్నచో ఈగ ఎక్కువ చుట్లు నాట్యమాడును. కొంత బాగున్నచో కొద్దిగా ఆడును. చూచినదానికి మించి చెప్పదు. సామాన్యమగు తొర్రను చూచిన ఈగ అది తనదను కారణముచే గొప్ప తొర్రగా వర్ణింపదు.

రెండవ నియమము: స్వయముగా చూచుట. నాట్యమును చూచిన మరియొక వేగుటీగ ఆ మాటను నమ్మి అక్కడనే నాట్యమాడ నారంభింపదు. అది సూచించిన చోటికి ఎగిరిపోయి, తొర్రలో తానును నడచి, తానును పరీక్షించి, మరలివచ్చి, తనకు తోచినంతగా మాత్రమే నాట్యమాడును. వినికిడి త్రోవ చూపును, సాక్ష్యమిచ్చునది అనుభవమే. అందువలననే ఒక ఈగ పొరపాటు వేయింటి పొరపాటుగా పెరుగదు.

మూడవ నియమము అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది: చెప్పి విరమించుట. లిండావర్, ఈగ రెండు తొర్రలను పోల్చిచూచి తన మనస్సు మార్చుకొనునని తలచెను. అట్టివి కొన్ని ఉన్నను, ఎక్కువ ఈగలు మరియొక తొర్రను చూడకయే మానుకొనుచున్నవని తరువాత తేలినది. వేగుటీగ తొర్రకు పోయి వచ్చిన ప్రతిసారియు నాట్యపు చుట్లు సుమారు 15 చొప్పున తగ్గును. మొదట 90 చుట్లు ఆడినది 75, పిదప 60, ఇట్లు తగ్గి తుదకు ఊరకుండును. తాను చూచినది మేలైనదే కావచ్చును. అయినను అది ఊరకుండును. దాని సందేశము సత్యమైనచో స్వయముగా చూచివచ్చిన ఇతరులు దానిని కొనసాగింతురు. సత్యము కానిచో ఆ మాట దానితోనే ఆగిపోవును. మొదటి సాక్షి తొలగినను నిలుచునదే సత్యము.

ఈగలలో వాదప్రతివాదములు లేవని తలపరాదు. ఒక తొర్రను చూచివచ్చిన ఈగ, వేరొక తొర్రకై నాట్యమాడు ఈగను తలతో తాకి సన్నని ధ్వని చేసి వారించునని 2012లో సీలీ ప్రభృతులు ప్రకటించిరి. ఆ తాకిడి పలుమారు తగిలినచో నాట్యము త్వరగా ఆగును. రెండు తొర్రలు సమానముగా ఉన్నప్పుడు దండు ఎటును తేల్చుకొనలేక స్తంభించిపోకుండ ఈ వారింపు కాపాడును. కాని అక్కడ కుట్టుట లేదు, చంపుట లేదు, వెలివేయుట లేదు. ఒక తొర్రలో ఒకేసారి ఇరువది ముప్పది వేగుటీగలు కూడినచో, అవి మరలివచ్చి ఈగల నడుమ కూతపెట్టుచు పరుగెత్తును. ఆ హెచ్చరికతో ఈగలన్నియు రెక్కల కండరములను వెచ్చచేసికొని ఎగురుటకు సిద్ధపడును.

ఎప్పుడైన ఈ క్రమము తప్పినచో ఏమగునో కూడ లిండావర్ చూచెను. ఒక దండులో రెండు పక్షములు సమబలముతో నిలిచినవి. ఏదియు తగ్గకముందే దండు లేచినది. కొన్ని ఒక దిక్కునకును, కొన్ని మరియొక దిక్కునకును లాగినవి. ఆకాశమున ఆ లాగులాట కొంతసేపు సాగినది. ఏ పక్షమును గెలువలేదు. ఏలయన రాణి ఒక్కటియే. రాణి లేని పక్షము ఎంత బలముగలదైనను ముందునకు పోజాలదు. తుదకు అన్నియు మరల క్రిందికి దిగవలసి వచ్చినది.

ఈ దృశ్యము మానవలోకమున ఎంత తరచుగా కనబడుచున్నది! రథమును ముందు ఏ వీధిని నడుపవలెనని రెండు పక్షములు పంతము పట్టి, ఉత్సవమే నిలిచిపోయిన గ్రామములు లేకపోలేదు. ఒకే గురువును సేవించినవారు, ఆయన వెడలిన పిదప, ఆయన భావము మాకే తెలియునని చీలినచోట్లు కలవు. ఒకే ఇంట తండ్రి జపమును, కుమారుడు సేవను, కోడలు భజనను ఆశ్రయించి, మూడును ఒకే దేవుని పూజయని మరచి, ఒకరినొకరు తక్కువగా చూచుటయు కలదు. దేవుని తమ పక్షమునకు లాగుకొన యత్నించు ప్రతివారును గుర్తింపవలసిన సంగతి ఆ ఆకాశపు లాగులాటలో ఉన్నది. దైవము రెండుగా చీలునది కాదు. చీలిక వచ్చినచో దైవము ఒక పక్షముతో పోయినదని అర్థము కాదు. ఎవ్వరును ముందునకు సాగుట లేదని అర్థము.

ఇందుకు కారణమేమి? మానవుడు మూడు నియమములను మూడు విధములుగ తప్పుచున్నాడు. చూచినది కొంత, చెప్పునది కొండంత. పరులు చెప్పినదానిని తాను చూచినట్లు చాటుచున్నాడు. అన్నిటికంటె ముఖ్యముగా, ఒకసారి చెప్పిన మాటను విడువలేకున్నాడు. ఆ మాటతో తన పేరు ముడివడినది. అది ఓడినచో తాను ఓడినట్లు తలచుచున్నాడు. ధనమును, పదవిని, భోగమును త్యజించినవానిని సైతము ఈ అభిప్రాయమమకారము కడవరకు వెంబడించును. కాషాయవస్త్రము క్రింద అది సులభముగా దాగును. భక్తి అను పేరు పెట్టుకొనును. నిష్ఠ అను పేరు పెట్టుకొనును. ఇల్లు విడిచినవానికి కూడ మాట విడుచుట కష్టము.

తన మాటను చెప్పకుండుట వినయము కాదు. తొర్రను చూచి మౌనముగా నుండు వేగుటీగ దండునకు ద్రోహము చేసినదగును. అనుభవించినదానిని నిర్భయముగా, పూర్తిగా, నిజమెంతయో అంతయే చెప్పవలెను. పిదప దానిని సత్యమునకు అప్పగించి తొలగవలెను. ఫలమును ఈశ్వరార్పణము చేయుట కర్మయోగము. వాక్కు విషయమున దాని రూపము ఇదియే. శ్రవణము, మననము, నిదిధ్యాసనము అను క్రమమును పెద్దలు ఏర్పరచుటలోని ఆంతర్యమును ఇక్కడ గ్రహింపవచ్చును. విన్నవాడు వెంటనే బోధకుడు కారాదు. ముందు ఆ చోటికి తాను పోయి చూడవలెను.

అయితే ఒక హెచ్చరిక అవసరము. ఈగలకు ధర్మబుద్ధి కలదని గాని, అవి చేయునదంతయు మానవునకు ఆదర్శమని గాని భావింపరాదు. ఏ పట్టులో ఇంత చక్కని సభ జరుగునో ఆ పట్టులోనే శరత్కాలమున పోతుటీగలను బయటికి గెంటివేయుటయు, వెలువడిన క్రొత్తరాణి తన సోదరీరాణులను కుట్టి చంపుటయు జరుగును. ప్రకృతి స్వయముగా ధర్మశాస్త్రము కాదు. అందుకే అవధూత తేనెటీగలో గ్రాహ్యమును, త్యాజ్యమును వివేకముతో వేరుచేసెను. ఈగ తన మాటను విడుచుట దాని స్వభావము. దానికి అందు శ్రమ లేదు, పుణ్యమును లేదు. మానవుడు విడుచుటలో అహంకారముతో పోరాటమున్నది. కావుననే అది సాధన. స్వభావమువలన ఈగకు అబ్బినది వివేకమువలన మానవునకు అబ్బవలెను.

దండు ఎగురు వేళను కడపట తలచుకొనవలెను. పదివేల ఈగలలో ఆ క్రొత్త ఇంటిని చూచినవి కొన్ని వందలు మాత్రమే. మిగిలినవానికి దిక్కు తెలియదు. అప్పుడు ఎరిగిన ఈగలు మేఘమువలె సాగు ఆ గుంపు పైభాగమున గమ్యమువైపు వేగముగా దూసికొనిపోవుచు త్రోవ చూపును. తక్కినవి వానిని చూచి కదలును. ఇంతకుముందు వేర్వేరు తొర్రలను చూచి నాట్యమాడిన ఈగలును ఆ గుంపులోనే, ఆ దిక్కునకే పోవును. వానిలో ఓడినవి లేవు. సాయంకాలమునకు అన్నియు ఒకే ఇంట చేరి మైనపుగదులు కట్ట నారంభించును. ఏ ఈగ ఏ తొర్రను మెచ్చినదో ఆ పెరలో గుర్తుండదు. నానా వృక్షముల రసములు ఒకే తేనె యగునని ఉద్దాలకుడు చెప్పెను. తేనెకు ముందే, ఆ ఇంటిని ఎన్నుకొనుటలోనే, నానా అభిప్రాయములు ఒక్కటియై యుండుట ఇందు కనబడుచున్నది.

మహాత్ములు లోకమును నడిపినది ఇట్లే. వారు చూచిరి, చూచినంత చెప్పిరి, చెప్పి తొలగిరి. వారి మాట నిజమని నేటికిని తెలియుచున్నది. ఏలయన వారి తరువాత అనేకులు ఆ చోటికి స్వయముగా పోయి చూచివచ్చి, అదే దిక్కును చూపుచున్నారు. ఆ దిక్కున ప్రయాణము చేయగోరువాడు నేడు తన మనస్సును ఒక్క ప్రశ్న అడుగవలెను: ఇంతకాలము పట్టుకొని వదలనిది సత్యమా, లేక తన మాటయా?